నలభై రెండు కిలోమీటర్ల గొలుసు

భూముల కొలతకు సర్వేయర్ సాబు మా ఊరికి వచ్చినప్పుడల్లా మా నాయిన ఆయన వెంట గొలుసు పట్టేవాడు. 33 అడుగుల ఇనుప గొలుసు. అటు ఒక గొలుసు, ఇటు ఒక గొలుసు అయితే గుంట. 40 గుంటలు ఎకరం. మడికట్ల మీద, తుమ్మకంపల నడుమ గొలుసు గుంజుకుంటూ తిరిగొచ్చిన రోజు రాత్రి నాయిన ఒక మాట అనేవాడు: "గొలుసు ఎన్నడూ తప్పు చెప్పది. పట్టిన చెయ్యి వదులైతదంతే." నాకు అప్పట్లో అది అర్థం కాలేదు. అర్థమైంది హైదరాబాద్ మారథాన్ దారి గురించి చదవడం మొదలుపెట్టాక.

మా ఊరు చిట్యాల. ఇది చెప్పగానే "విజయవాడ హైవే మీద ఉంటది గదా" అంటారు. అది నల్లగొండ చిట్యాల. మాది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్నది. పత్తి, మిరప, వరి. ఆ పక్కన సింగరేణి బొగ్గు. పరుగు పందెమంటే మా చిన్నప్పుడు బడిలో ఆగస్టు పదిహేనుకు పెట్టేది ఒక్కటే. నలభై రెండు కిలోమీటర్లు ఉరకడమంటే చిట్యాలలో బయల్దేరి పరకాల దాటి ఇంకా పోతూనే ఉండాలి. అయినా హన్మకొండ రాదు. ఎవరైనా అంత దూరం కాలినడకన పోయారంటే అది జాతరకో పెళ్లికో అయి ఉండాలి. ఉత్త పుణ్యానికి ఉరికేవాళ్లు ఉంటారని మేం వినలేదు.

అట్లాంటి ఇంట్లో నా మేనల్లుడు ఒకడు పట్నంలో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తూ మారథాన్ ఉరికాడు. ఐదు గంటల పది నిమిషాలు పట్టింది. మెడలో పతకంతో ఇంటికొచ్చి, మంచం మీద కాళ్లు పైకెత్తి పడుకుని, చేతి గడియారం నా ముఖం ముందు పెట్టి తగువుకు దిగాడు. "మామా, 42.195 అన్నరు. నా వాచ్ చూడు, 42.8. ఆరొందల మీటర్లు ఎక్కువ ఉరికిచ్చిండ్రు. కొలిచినోళ్లకు లెక్క రాదా?"

వాడి గడియారం కంటే కొలిచినవాళ్ల లెక్కనే నమ్మాలని తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో తెలిసిన పనితనం గురించే ఈ వ్యాసం. మారథాన్ అంటే మనకు ఉరికేవాళ్లు కనబడతారు, పతకాలు కనబడతాయి, స్పాన్సర్ల బ్యానర్లు కనబడతాయి. వాళ్ల కాళ్ల కింద ఉన్న దారి కనబడదు. నిజానికి అక్కడ చేతిపని అంటూ ఉంటే అది ఆ దారే. కుండ, నేత, రథం ఎట్లా ఒకరు కూర్చుని చేసినవో, ఈ దారి కూడా అట్లా చేసిందే.

కొలత సంగతి ముందు చెప్తాను. మారథాన్ దూరాన్ని కారు మీటరుతో కొలవరు, ఉపగ్రహంతో కొలవరు. సైకిలుతో కొలుస్తారు. చాలామంది నమ్మరు గానీ ప్రపంచమంతా ఇదే పద్ధతి. సైకిల్ ముందు చక్రం ఇరుసు దగ్గర ఒక చిన్న లెక్కపెట్టె బిగిస్తారు. దాన్ని జోన్స్ కౌంటర్ అంటారు. 1971లో అమెరికాలో అలన్ జోన్స్ అనే ఇంజనీరు రూపొందించగా, ఆయన కొడుకు తయారుచేసిన పరికరం. చక్రం ఒక్కసారి తిరిగితే అందులో ఇరవై మూడు అంకెలకు పైగా కదులుతాయి. అంటే ఒక్కో అంకెకు సుమారు తొమ్మిది సెంటీమీటర్లు. మన జానెడు కూడా కాదు.

కానీ సైకిలును నమ్మేదెట్లా? టైరులో గాలి పొద్దున ఒక తీరు, ఎండెక్కాక ఒక తీరు. అందుకని ముందు సైకిలునే కొలుస్తారు. ఒక తిన్నని రోడ్డు మీద కనీసం 300 మీటర్లు ఉక్కు టేపుతో కొలిచి రెండు చివరలా మేకు కొడతారు. టేపును ఇంత బలంతో లాగాలని లెక్క ఉంటుంది. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి 20 డిగ్రీల దగ్గర ఎంతుంటుందో దానికి సవరిస్తారు. ఆ మేకుల నడుమ సైకిలు నాలుగుసార్లు తొక్కి, కిలోమీటరుకు ఎన్ని అంకెలో తేల్చుకుంటారు. తర్వాత దారి మొత్తం కొలుస్తారు. మళ్లీ వచ్చి అదే మేకుల నడుమ ఇంకో నాలుగుసార్లు తొక్కుతారు. అప్పటికీ ఇప్పటికీ టైరు ఎంత మారిందో దాంట్లో బయటపడుతుంది. మా నాయిన చెప్పిన చేతి వదులును ముందే పట్టుకోవడానికి ఇంత తతంగం.

తొక్కడంలోనూ ఒక నేమం ఉంది. ఉరికేవాడికి దక్కే అతి దగ్గరి దారి ఏదో దాని మీదే తొక్కాలి. మలుపు వస్తే లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంలో తిరగాలి. రోడ్డు ఎస్ ఆకారంలో వంకలు పోతే ఈ అంచు నుంచి ఆ అంచుకు వాలుగా, తిన్నగా కోసుకుంటూ పోవాలి. ఎదురుగా లారీలు వచ్చే పట్నం రోడ్డు మీద ఇది పగలు అయ్యే పని కాదు. నిద్రపోయే నగరంలో, పోలీసు బండి తోడుగా చేసుకునే పని.

ఇంతా చేసి చివర్లో ఇంకో మెలిక పెడతారు. కొలిచిన దూరానికి వెయ్యింట ఒక వంతు కలుపుతారు. 42,195 మీటర్లకు మరో 42 మీటర్లు. పొరపాటు జరిగితే జరగనీ, దారి ఎక్కువైనా పర్లేదు గానీ తక్కువ కాకూడదని. కొలతలో మిగులు కొనేవాడికి ఇచ్చే పాత కోమటి దుకాణాలు కొన్ని మీరు చూసే ఉంటారు. కొసరు వేయందే సంచి మూతి కట్టేవాళ్లు కారు. ఇది ఆ కొసరే.

తక్కువైతే ఏమవుతుంది? 1981లో న్యూయార్క్‌లో అల్బెర్టో సలాజార్ 2 గంటల 8 నిమిషాల 13 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు అన్నారు. తర్వాత దారి మళ్లీ కొలిచి చూస్తే దాదాపు 150 మీటర్లు తక్కువ. రికార్డు పోయింది. ఇంగ్లాండ్‌లో మాంచెస్టర్ మారథాన్ 2013 నుంచి మూడేళ్లపాటు 380 మీటర్లు తక్కువ దారిలో నడిచింది. ఆ మూడేళ్లూ ఉరికిన వేలమంది, ఉరికీ మారథాన్ ఉరకనివాళ్లయ్యారు. ఎక్కువైన 42 మీటర్ల మీద గొణుక్కునేవాళ్లు ఇది చదివాక ఊరుకుంటారు.

హైదరాబాద్ దారి కొలతా ఈ పద్ధతిదే. నా మేనల్లుడి ఆరొందల మీటర్లు ఎక్కణ్నుంచి వచ్చాయంటే, వాడి కాళ్ల నుంచే వచ్చాయి. నీళ్ల బల్ల కనబడ్డప్పుడల్లా రోడ్డుకు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయాడు. స్నేహితుడు ఫొటో తీస్తుంటే అటు జరిగాడు. మలుపుల్లో జనంతోపాటు వెలుపలి అంచున తిరిగాడు. ఎత్తైన మేడల నడుమ గడియారం కూడా కొంత తడబడింది. గొలుసు మాత్రం సరిగ్గానే ఉంది.

అసలు ఈ 42.195 అంకె ఎక్కడిది? 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్పిరిడాన్ లూయిస్ గెలిచినప్పుడు దూరం సుమారు 40 కిలోమీటర్లే. 1908 లండన్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజుగారి గది ముందు ముగిసేలా గీసిన దారికి ఈ అంకె వచ్చింది. 1921లో దాన్నే అందరికీ ఖాయం చేశారు. ఒక రాచకుటుంబం సౌకర్యం కోసం పడ్డ అడుగులను నూరేళ్లుగా లోకమంతా ఉరుకుతోంది! సరే, అది వేరే కథ.

కొలత నికార్సుగా ఉంటే చాలదు, దారి గుణం కూడా చూస్తారు. రికార్డుకు లెక్కలోకి రావాలంటే రెండు షరతులు. మొదలు కంటే ముగింపు కిలోమీటరుకు ఒక మీటరుకు మించి పల్లంలో ఉండకూడదు. మొత్తానికి 42 మీటర్లు. మొదలుకూ ముగింపుకూ నడుమ తిన్నని దూరం, పరుగు దూరంలో సగం మించకూడదు. గాలి వీపును తోస్తూ ఉంటే ఎవడైనా ఉరుకుతాడు కదా! బోస్టన్ మారథాన్ ఎంత పేరున్నదైనా ఈ రెండు షరతులకూ నిలవదు. 2011లో అక్కడ జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లకు ఉరికితే, అంతకుముందు ఎవరూ అంత వేగంగా ఉరకకపోయినా, ప్రపంచ రికార్డుగా రాసుకోలేదు.

మన దారి హుస్సేన్ సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. తిన్నగా చూస్తే ఆ రెంటి నడుమ పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. పల్లం మాటే లేదు, ముగింపే మెరకలో ఉంది. బోస్టన్‌కు వచ్చిన తంటా మనకు రాదు. రికార్డులూ రావు, ఆ సంగతి తర్వాత.

ఇప్పుడు దారి లోపలికి పోదాం. నేను దాన్ని మూడు పొద్దులలో ముక్కలు ముక్కలుగా నడిచాను. అందరికంటే ముందు ఉరికేవాళ్లు రెండున్నర గంటల లోపు ముగించేదానికి నాకు మూడు రోజులు పట్టిందన్నమాట.

మొదలు సాగరతీరం. నగరం పుట్టింది 1591లో. చెరువు అంతకు ముప్పై ఏళ్ల ముందే, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో పుట్టింది. ఆ రోడ్డుకు ఇప్పుడు పీవీ నరసింహారావు పేరు పెట్టారు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన మనిషి, మా వైపువాడు. ఫుల్ మారథాన్ వాళ్లు తెల్లవారకముందే బయల్దేరతారు. అక్కడ రోడ్డు చదును, పక్కన నీళ్లు, నడుమ బుద్ధుడు. ఈ చదునే మొదటి ఉచ్చు. కొత్తవాళ్లు ఇక్కడ ఒళ్లు తెలియకుండా వేగం పెంచుతారు. దారి చేసినవాడి చమత్కారం చూడండి: ఎదురుదెబ్బ చాలా దూరం దాకా తగలనీయడు.

తర్వాత ఖైరతాబాద్ ఫ్లైఓవర్, రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట. ఫ్లైఓవర్ అంటే మనకు సిగ్నల్ తప్పించే వంతెన. ఉరికేవాడికి అది గుట్ట. ఎక్కితే తొడలు, దిగితే మోకాళ్లు. పంజాగుట్ట నుంచి నాగార్జున సర్కిల్ దాటి సాగర్ సొసైటీ మీదుగా కేబీఆర్ పార్కు వైపు తిరగగానే అసలు ఎక్కుడు మొదలవుతుంది. రోడ్డు నిలువుగా లేచినట్టు ఎక్కడా కనబడదు. కారులో పోయేవాడికి గేరు మార్చడం దాకా కూడా రాదు. మనిషికి మాత్రం తెలుస్తుంది, ఎద్దుబండి తోలినవాడికి ఇంకా బాగా తెలుస్తుంది: కంటికి ఆనని ఎక్కుడు ఎద్దు మెడకు ఆనుతుంది.

అట్లా ఎక్కి ఎక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరతారు. అక్కడ నిలబడ్డప్పుడు నాకు తట్టింది, ఈ దారి ఎందుకు ఇంత నచ్చుతోందో. కాకతీయుల చెరువుల కింద పెరిగినవాళ్లం మేం. రామప్ప, లక్నవరం, గణపసముద్రం చూస్తూ పెద్దయినవాళ్లకు ఎక్కడికి పోయినా మొదట కనబడేది నీళ్లు ఎటు పోతాయన్నదే. చెక్‌పోస్టు ఉన్న ఆ రాళ్లగుట్టల వరుస ఒక వీపులాంటిది. దానికి తూర్పున పడ్డ వాన బంజారాహిల్స్ నాలాల్లో పడి హుస్సేన్ సాగర్‌కు పోతుంది. పడమట పడ్డ వాన దుర్గం చెరువు వైపు జారుతుంది. అంటే ఈ పరుగు ఒక చెరువు దగ్గర మొదలై, ఆ చెరువును నింపే నీళ్లకు ఎదురెక్కి, గుట్ట వీపు దాటి, అవతలి నీళ్ల వెంట ఇంకో చెరువుకు దిగుతుంది. గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువది. పటం మీద గీతలు గీసి చేసిన దారి ఇట్లా రాదు. తెలిసి చేశారో, రోడ్లు అట్లా ఉండి కలిసొచ్చిందో నేను పంచాయితీ పెట్టను. మంచి పనిలో కొంత వాటా ఎప్పుడూ మట్టిదే.

దుర్గం చెరువు దగ్గరికి రోడ్ నంబర్ 45 మీదుగా దిగి తీగల వంతెన ఎక్కుతారు. ఇది 2020 సెప్టెంబర్ 25న తెరిచిన వంతెన. స్తంభాల నడుమ ఉండే పెద్ద అంగ సుమారు 234 మీటర్లు. అంతకుముందు జూబ్లీహిల్స్ గుట్టకూ మాదాపూర్ గుట్టకూ నడుమ చెరువే అడ్డం, చుట్టు తిరగాల్సిందే. వంతెన వచ్చాక దారి మారింది. దారి ఒక్క అడుగు మారినా పాత కొలత చెల్లదు, సైకిలు మళ్లీ రావాలి. ఈ నగరంలో ఏడాదికో ఫ్లైఓవర్ లేస్తున్నప్పుడు ఈ దారి ఎన్నడూ పూర్తయిన వస్తువు కాదు. మగ్గం మీద చీర లాంటిది. ఒక చివర చుట్టుతుంటే ఇంకో చివర పోగు పోస్తూనే ఉండాలి.

వంతెన మీద ఉన్న ఆ కాసేపే ఉరికేవాళ్లు తల ఎత్తి చూస్తారు. ఫొటోలన్నీ అక్కడివే. ఆ తర్వాత ఇనార్బిట్, మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ జంక్షన్, గచ్చిబౌలి. దీన్ని గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. అద్దాల మేడలు, నీడలేని రోడ్లు, ఎక్కుడు దిగుడు, మళ్లీ ఎక్కుడు. ఆలస్యంగా వచ్చేవాళ్లకు అప్పటికి పొద్దెక్కి ఉంటుంది. 1998లో సైబర్ టవర్స్ లేచేదాకా ఇటు ఉన్నవి రాళ్లే. ఫుల్ ఉరికేవాళ్లకు ఈ భాగమే ఎక్కువ పొడుగు, ఎక్కువ కష్టం. పట్నంలో కొలువు చేసే పిల్లల బతుకూ ఇక్కడే ఎక్కువ గడుస్తుంది కాబట్టి న్యాయంగానే ఉందనిపించింది.

ముగింపు స్టేడియం లోపల. 2002 డిసెంబర్ జాతీయ క్రీడల కోసం కట్టింది, అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు పెట్టింది. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలూ అక్కడ జరిగాయి. చాలా నగరాల్లో మారథాన్ రోడ్డు మీదే ఒక కమాను కింద ముగిసిపోతుంది. ఇక్కడ మాత్రం రోడ్డు నుంచి గేటులోకి తిరిగి మైదానంలోకి దిగుతారు. నాలుగైదు గంటలు గట్టి రోడ్డును కొట్టిన పాదాలకు మెత్తటి నేల తగిలితే ఎట్లా ఉంటుందో చెప్పమంటే నా మేనల్లుడు చాలాసేపు ఆలోచించి, "పొలం గట్టు దిగి మడిలో కాలు పెట్టినట్టు" అన్నాడు. వాడు పొలంలో దిగి పదేళ్లయింది.

ఈ పరుగు వెనుక ఉన్నది హైదరాబాద్ రన్నర్స్ అనే పరుగుగాళ్ల సంఘం. 2007 నాటిది. ఉరికేవాళ్లే ఉరికేవాళ్ల కోసం చేయడం ఈ దారి గుణానికి ఒక కారణం అనుకుంటాను. వంట తినేవాడు వండితే ఉప్పు సరిపోతుంది. చాలా ఏళ్లు ఎయిర్‌టెల్ పేరుతో నడిచింది. 2022 నుంచి ఎన్‌ఎండీసీ పేరుతో నడుస్తోంది. 2024 ఆగస్టు 25 నాటిది పదమూడోదిగా లెక్క. శనివారం హైటెక్స్‌లో 5 కిలోమీటర్ల సరదా పరుగు, ఆదివారం 10కే, హాఫ్, ఫుల్. అన్నీ కలిపి ఉరికేవాళ్లు ఇరవై వేలు దాటుతున్నారు. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ కొన్నేళ్లుగా దీనికి ప్రచార ముఖం.

తారీఖు విషయంలోనూ ఒక పట్టు ఉంది. 2019లో ఆగస్టు 25, 2022లో 28, 2023లో 27, 2024లో 25, 2025లో 24. అన్నీ ఆగస్టు నాలుగో ఆదివారాలే. ముంబై మారథాన్ జనవరిలో, ఢిల్లీది చలికాలం చివర్లో. రికార్డులు కావాలంటే చల్లటి పొడి గాలి కావాలి. మనవాళ్లు ఎంచుకున్నది శ్రావణ భాద్రపదాల వాన. వేడి ఎక్కువుండదు గానీ గాలిలో తేమ నిండి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఈ తేమ, ఆ ఫ్లైఓవర్లు, కేబీఆర్ ఎక్కుడు కలిపి దేశంలో కష్టమైన నగర మారథాన్ ఇదేనని ఉరికేవాళ్లలో పేరు పడింది. నిర్వాహకులూ ఆ మాటను గొప్పగానే చెప్పుకుంటారు. చెప్పుకోనీ. సులభంగా చేసి పేరు తెచ్చుకోవడం కంటే అది మేలు.

ఆగస్టు చివర్లో ఇంకో అందం ఉంది. మొదట్లోనే ఉరికేవాళ్లు ఖైరతాబాద్ మీదుగా పోతారు కదా. 1954లో ఒక అడుగు విగ్రహంతో సింగరి శంకరయ్య మొదలుపెట్టిన గణపతి అక్కడే. 2022లోనూ 2025లోనూ చవితికి సరిగ్గా మూడు రోజుల ముందు పరుగు జరిగింది. దేవుడికి రంగులు వేస్తున్న పందిరి ఒక పక్క, తెల్లవారుజామున వేల పాదాల చప్పుడు ఒక పక్క. ఆ రెండు పనుల్లో ఏది ఎక్కువ ఓపిక కోరుతుందో చెప్పలేను.

లోపాలు లేవా? ఉన్నాయి. మన పరుగులన్నిటిలోనూ నీళ్ల బల్ల దాటాక రోడ్డంతా నలిగిన కప్పులు. కొలతకు చూపిన శ్రద్ధలో సగం దానికి చూపినా చాలు. అంతకంటే పెద్ద లోటు, ఇప్పటి దారిలో చార్మినార్ లేదు, మూసీ లేదు, పాతబస్తీ లేదు. చెరువు నుంచి చెరువుకు అంత ఇంపుగా నడిచిన దారి, నగరం పుట్టిన చోటుకు వీపు పెట్టి పడమటికి పోతుంది. సందులు ఇరుకు, రోడ్లు మూయడం కష్టం, ముగింపు గచ్చిబౌలిలో ఉంటే చుట్టు ఎక్కువ. కారణాలన్నీ నాకు తెలుసు. తెలిసినా ఒప్పుకోను. నూటికి తొంభై మార్కులు వేస్తాను, మిగతా పది అఫ్జల్‌గంజ్ వంతెన దగ్గర దాచిపెట్టాను.

ఆ గొలుసు ఇప్పుడు మా ఇంట్లో లేదు, సర్వేయర్ సాబుతోనే పోయేది. మా నాయినా లేడు. ఉంటే ఆ సైకిలును చూపించేవాణ్ని. చక్రం దగ్గరి లెక్కపెట్టెను కాదు, ముందు కొలిచి తర్వాత మళ్లీ కొలిచే ఆ నాలుగు నాలుగు విడతలను ఆయన మెచ్చుకునేవాడు.

ఉరికే ఓపిక లేనివాళ్లు కూడా ఈ దారిని చూడవచ్చు. ఆగస్టు నాలుగో ఆదివారం తెల్లవారుజామున కేబీఆర్ పార్కు నుంచి చెక్‌పోస్టుకు ఎక్కే రోడ్డు పక్కన నిలబడండి. సొంత బండిలో పోకండి, రోడ్లు మూసి ఉంటాయి. ముందు వచ్చేవాళ్ల కోసం కాకుండా ఐదు గంటలు పట్టేవాళ్లు వచ్చేదాకా ఆగండి. పేరు తెలియకపోయినా చప్పట్లు కొట్టండి. ఆ ఎక్కుడులో వాళ్లకు అది వినబడుతుంది.